రెండుసార్లు ప్రారంభమైన వంతెన

ఖమ్మంలో మేముండే అపార్ట్‌మెంటుకు పాత లిఫ్టు తీసేసి కొత్తది పెట్టారు. అది పైకి వెళుతుంది, కిందికి వస్తుంది, లోపల లైటు వెలుగుతుంది, చిన్న ఫ్యాను కూడా తిరుగుతుంది, కానీ ఎక్కడానికి మాత్రం వీల్లేదు, ఎందుకంటే తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి ఉంది. మా అసోసియేషన్ అధ్యక్షుడు పిలిచిన ముఖ్య అతిథికి ఇంకా తీరిక దొరకలేదట. అందుకని నాలుగో అంతస్తులో ఉండే నేను, మోకాళ్లు రెండూ ఎప్పుడో మొండికేసిన మనిషిని, కూరగాయల సంచీ పట్టుకుని మెట్లెక్కుతున్నాను. రెండో అంతస్తు మలుపులో ఎవరో పుణ్యాత్ములు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మొన్న దాంట్లో కూలబడి ఆయాసం తీర్చుకుంటూ, ముఖ్య అతిథిని, ఆయన తీరికను కలిపి తిట్టుకుంటుంటే, చర్ల అవతల అడవిలో ఒక వాగు మీద నేను దగ్గరుండి కట్టించిన వంతెన గుర్తుకొచ్చి ఒక్కణ్ణే నవ్వడం మొదలుపెట్టాను. పైనుంచి దిగుతున్న పక్కింటి అమ్మాయి నన్నొక వింత చూపు చూసి వెళ్లింది.

అప్పట్లో నేనొక కాంట్రాక్టు కంపెనీలో సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్‌ని. సర్కారు రోడ్లు, వంతెనలు, కాలువల పనులు మా కంపెనీకి వచ్చేవి. విజిటింగ్ కార్డు మీద ఆ హోదా చూసుకుని నేను మురిసిపోయేవాణ్ణి గానీ, పెనుబల్లి వైపున్న మా చుట్టాలకు అదేం ఉద్యోగమో ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు. గీతలు గీసేది ఇంజనీర్లు, సిమెంటు కలిపేది కూలీలు, డబ్బు పెట్టేది ఓనరు, మరి నువ్వేం చేస్తావు బావా అని మా బావమరిది ప్రతి క్రిస్మస్‌కూ అడిగేవాడు, నేను ప్రతి క్రిస్మస్‌కూ మాట మార్చేవాణ్ణి. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి చెప్పడానికి భయం లేదు. నా పనల్లా అందరికీ ‘వచ్చే వారం’ అని చెప్పడం. ఆఫీసర్లకు పని వచ్చే వారం పూర్తవుతుందనీ, ఓనరుకు బిల్లు వచ్చే వారం వస్తుందనీ, ఊరివాళ్లకు దారి వచ్చే వారం తెరుస్తామనీ చెప్పాలి, ముగ్గురూ నమ్మేలా చెప్పాలి. ఆ విద్యలో నన్ను మించినవాడు మా కంపెనీలో లేడు.

వాగు ఒడ్డున రేకుల షెడ్లే మా క్యాంపు. మాకు వంట చేసేది పక్క కోయగూడెం ఆవిడ. అందరూ అవ్వ అంటుంటే నేనూ అవ్వా అనేవాణ్ణి గానీ, వయసులో నా కంటే మరీ పెద్దదేమీ కాదు. చింతచిగురు పప్పు వండిందంటే ఆ రోజు కూలీలు పనిలోకి దిగడానికి ఒళ్లు బరువెక్కేది. అవ్వకు ఒక్కతే కూతురు, ఆ అమ్మాయిని వాగు అవతలి గూడెంలో ఇచ్చింది. ఎండాకాలం అయితే మోకాటి లోతు నీళ్లలో ఇట్టే దాటిపోవచ్చు. వానలు పడ్డాయా, దసరా దాకా ఎవరి ఒడ్డు వారిదే.

మేము పునాదులు వేసి పని ఆపిన ఆ మొదటి వానాకాలంలో నాకు సాయంత్రం కాలక్షేపం ఈ తల్లీకూతుళ్లే. పొద్దు వాలుతుండగా ఆమె ఆ ఒడ్డుకు, ఈవిడ ఈ ఒడ్డుకు వచ్చి నిలబడి, వాగు హోరును మించిన గొంతులతో మాట్లాడుకునేవారు. కోయ భాషలో అరుచుకునేవారు కాబట్టి నాకు మాట అర్థమయ్యేది కాదు, మా వాచ్‌మన్ పక్కన నిలబడి తెలుగు చేసి చెప్పేవాడు. ఏ కోడి పొదిగింది, ఎవరికి జ్వరం, అల్లుడు సరిగ్గా ఉంటున్నాడా, అన్నీ అయ్యాక చివరికి ఎప్పుడూ ఒక అల్యూమినియం గిన్నె దగ్గర పోట్లాట. కూతురు పట్టుకుపోయిన గిన్నె తనదని అవ్వ, అది పెళ్లప్పుడు ఇచ్చిందేనని కూతురు. ఆ వానాకాలమంతా రెండు ఊళ్లూ చెవులొగ్గి విన్నా గిన్నె ఎవరిదో తేలలేదు.

మరుసటి ఎండాకాలానికి వంతెన పూర్తయింది. అప్పటికి కూతురికి ఆరో నెల, మొదటి కానుపు. దవాఖానా చర్లలో ఉంది, అంటే అవ్వ వైపు ఒడ్డున. కూతుర్ని ముందే తెచ్చుకుందామని అవ్వ తొందరపడింది గానీ, ఆ అమ్మాయి పట్టుదల మనిషి, అందరికంటే ముందు బ్రిడ్జి మీదే పుట్టింటికి వస్తానని కూర్చుంది. అవ్వ రోజూ అన్నం వడ్డిస్తూ బ్రిడ్జి ఎప్పుడు తెరుస్తారని అడిగేది. నేను అలవాటు కొద్దీ వచ్చే వారమే అవ్వా అనేవాణ్ణి. ఆమె పాపం నమ్మి అదే మాట వాగు దాటించి కూతురికి చెప్పేది.

తెరవడం నా చేతిలో ఉంటేగా. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరిస్తే తప్ప వంతెన మీద కాకి కూడా వాలకూడదని పైనుంచి హుకుం. రెండు చివరలా తారు డ్రమ్ములు అడ్డం పెట్టి, ముళ్లకంప వేసి, వాచ్‌మన్‌ను కూర్చోబెట్టాం. ఊరివాళ్లు కొత్త వంతెన నీడన, మేము వాగులో మట్టి పోసి వేసిన తాత్కాలిక బాట మీద నడిచి వెళ్లేవారు. మంత్రిగారి తారీఖు మారింది, మళ్లీ మారింది, ఆ తర్వాత ఏకంగా మంత్రిగారే మారారు. పేర్లు చెక్కిన శిలాఫలకం పీకి కొత్తది చెక్కించాం. ఒకరోజు అవ్వకు ఒళ్లు మండి, “కట్టినోనివి నువ్వు, నడిచేటోళ్లం మేము. నడుమ ఆయనెవలు సారూ?” అని అడిగింది. అంత సూటి ప్రశ్న నన్ను ఏ రివ్యూ మీటింగులోనూ ఎవరూ అడగలేదు.

గూడెం పెద్ద అయిన అవ్వ అన్నను పిలిపించి కూర్చోబెట్టాను. ఊరి దేవతల పూజలు, పండుగలు అన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతాయి. ఇది మా డిపార్టుమెంటు ఆచారమనీ, పెద్దమనిషి చెయ్యి పడనిదే కొత్తదాన్ని ఎవరూ వాడకూడదనీ వివరంగా చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా కాదనలేదు, మీదుమిక్కిలి మెచ్చుకున్నాడు. మామిడికాయలు చెట్టు నిండా వేలాడుతున్నా, చిక్కుళ్లు పందిరి నిండా కాసినా, పండుగ చేసి దేవతకు పెట్టనిదే వాళ్లు నోట పెట్టరు. “అవ్, గది మాకు ఎరుకే సారూ. కొత్తది పండుగ గాకుంట ముట్టొద్దు. మీది మీరు చేసుకోండ్రి, మాది మేము చేసుకుంటం” అన్నాడు. సమస్య ఇంత తేలిగ్గా తీరిందని నేను టీ కూడా ఇప్పించాను. వాళ్ల పండుగ చుట్టుపక్కల గూడేల పెద్దలంతా కలిసే రోజున, అంటే విత్తనాలు చల్లాక ఉంటుందని నాకు తట్టలేదు, ఆయనా చెప్పలేదు.

చివరికి మబ్బులు పడుతున్న రోజుల్లో మంత్రిగారు వచ్చారు. షామియానా, బంతిపూలు, మైకు, అన్నీ అమిరాయి. ఆయన రిబ్బను కత్తిరించి, చేతులూపుతూ వంతెన మీద నడిచారు. నడుమ దాకా వెళ్లి జనం కోసం వెనక్కి తిరిగి చూస్తే ఆఫీసర్లు తప్ప ఒక్క నరమానవుడు లేడు. ఊరు ఊరంతా కింద వాగులోని మట్టిబాట మీద నడుస్తోంది. డోలు వాయించేవాళ్లు కూడా కిందే, ఎంతో మర్యాదగా, తలలు పైకెత్తి మంత్రిగారితో సమానంగా అడుగులు వేస్తూ వాయిస్తున్నారు. మంత్రిగారు పైకి రమ్మని చెయ్యి ఊపారు. వాళ్లు సంతోషంగా తిరిగి చేతులూపారు.

మంత్రిగారి మొహం పాలిపోవడం నేను కళ్లారా చూశాను. ఊరివాళ్లే ఎక్కడం లేదంటే ఇందులో ఏదో తేడా ఉందని ఆయనకు తట్టింది. పాదాలు నెమ్మదిగా ఆనిస్తూ, నిద్రపోతున్న పసిపిల్లల మధ్య నుంచి నడిచినట్లు వెనక్కి నడిచి కారెక్కారు. నేను పండుగ సంగతి చెప్పబోతే పెద్ద ఆఫీసరు కసిరాడు. మరునాడే ఉత్తర్వు వచ్చింది, బరువు పరీక్ష అయ్యేదాకా వంతెన మీద రాకపోకలు నిషేధం. కంపెనీ ఓనరు నాకు కబురు చేశాడు, ఈలోగా ఎవరైనా కాలు పెడితే ఉద్యోగం మరచిపొమ్మని. డ్రమ్ములు మళ్లీ యథాస్థానానికి వచ్చాయి.

ఆ ఆదివారం ఇంటికి వెళ్లి, ఇలాంటి మొండి ఆచారాలతో దేశం ఎలా బాగుపడుతుందని మా ఆవిడ దగ్గర చిందులు తొక్కాను. ఆమె చేపల పులుసు కలుపుతూ, మన కొత్త ఇల్లు తయారైనా, ప్రార్థన చేసి ప్రతిష్ఠించడానికి పాస్టరుగారికి ఖాళీ లేదని, మనం కిరాయి ఇంట్లోనే ఎన్నాళ్లు పడి ఉన్నామో గుర్తుందా అని అడిగింది. నేను ఇంకొంచెం పులుసు వేయమన్నాను.

క్యాంపుకు తిరిగొచ్చిన మూడో నాడు వాన పట్టుకుంది. తెల్లారేసరికి మట్టిబాట కొట్టుకుపోయింది. పొద్దున పది గంటల వేళ అవతలి ఒడ్డు నుంచి అల్లుడి కేక వినిపించింది. కూతురికి నొప్పులు మొదలయ్యాయి. మంచానికి కర్రలు కట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, నలుగురు మోసుకుని వంతెన అవతలి చివర దాకా తెచ్చి, అక్కడ ఆగిపోయారు. ఈ చివర అవ్వ, ఆమె అన్న, సగం ఊరు, మా జీపు, నేను. నడుమ నిక్షేపంలాంటి వంతెన.

నేను పెద్దాయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు. ఆయనకు పండుగ కాలేదు, నాకు పరీక్ష కాలేదు. ఎవరు ముందు సరే అంటారా అని ఇద్దరం వానలో తడుస్తూ నిలబడ్డాం. ఆ పిల్ల అక్కడ ఉన్నది నా ‘వచ్చే వారం’ నమ్మి అన్న సంగతి అప్పుడు బాగా తెలిసొచ్చింది. ఇంతలో మంచం మీద నుంచి కూతురు లేచి కూర్చుని, వాగు దద్దరిల్లేలా ఒక అరుపు అరిచింది. ఏమంటోందని వాచ్‌మన్‌ను అడిగితే, వాడు మొహమాటపడి, అందర్నీ తిడుతోంది సార్, మిమ్మల్ని కూడా అన్నాడు.

పెద్దాయన కదిలాడు. ఎవరింటి నుంచో కోడిని తెమ్మన్నాడు. నేను ఆశ్చర్యపోయి, పెద్దలంతా కలవాలి కదా, తారీఖు ఉంది కదా అని నసిగాను. “దేవునికి వాన సంగతి ఎరుకే. మీ మంత్రికి ఎరుక లేదా?” అన్నాడు. ఆ మాటతో నా చేతులకు ఎక్కడ లేని బలం వచ్చింది. ఉద్యోగం పోతే పోయిందని, నేనే వెళ్లి డ్రమ్ములు దొర్లించాను, ముళ్లకంప లాగి పారేశాను, చొక్కా చిరిగింది.

ఆయన కోడిని పట్టుకుని పూజ మొదలుపెట్టాడో లేదో, తడిసిన చేతుల్లోంచి అది జారి, రెక్కలు కొట్టుకుంటూ వంతెన మీద పడి, అవతలి ఒడ్డుకు ఒకటే పరుగు. అది వాళ్లింటి కోడే కాబోలు, అవ్వ దాని వెంట పరుగెత్తింది. ఊరంతా పెద్దాయన మొహం చూసింది. ఆయన గడ్డం గోక్కుని, ఎంతో గంభీరంగా, “పోయింది గదా. పండుగ అయింది” అన్నాడు.

నేను జీపును వంతెన మీదికి దూకించాను. తల్లీకూతుళ్లను ఎక్కించుకుని చర్ల దవాఖానాకు వెళుతున్నంతసేపూ నొప్పుల మధ్యనే ఆ గిన్నె గొడవ కొంత నడిచింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. దవాఖానా వరండాలో నేను ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు. తర్వాత బరువు పరీక్ష వాళ్లు తాపీగా వచ్చి, ఆ వంతెన మీదే అవతలికి వెళ్లి, కూతురింట్లో కోడికూర తిని వచ్చి, ఇంతవరకు దీని మీద ఎవరూ నడవలేదు కదా అని నన్నడిగారు. లేదన్నాను. అంతా బాగుందని రాసి వెళ్లారు. ఆ కూర మాత్రం ప్రారంభోత్సవం చేసిన కోడిది కాదు, దాన్ని ఎవరూ కోయలేదు.

ఆ వానాకాలం నాకు సాయంత్రాలు తోచేవి కావు. అవ్వ వంతెన దాటి వెళ్లి కూతురింట్లో కూర్చుని మెల్లగా మాట్లాడుకునేది, మెల్లగానే పోట్లాడుకునేది, నాదాకా ఏమీ వినిపించేది కాదు.

పోయిన ఎండాకాలం భద్రాచలంలో ఒక పెళ్లికి వెళ్లి, మనసాగక అటు వెళ్లాను. పక్కనే వెడల్పాటి కొత్త వంతెన వచ్చింది. మాది మూలన పడిపోయి, దాని మీద ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. కాపలాగా కూర్చున్న ఆడమనిషి ఆ కూతురే, అచ్చం అవ్వ లాగే ఉంది. అవ్వ పోయి కొన్నేళ్లయిందట. ఆనాడు పుట్టిన పిల్లను ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో ఇచ్చారు, రోజూ ఫోను చేస్తుందట. నొక్కులు పడ్డ అల్యూమినియం గిన్నెలో నాకు మంచినీళ్లు ఇచ్చి, “మా అమ్మ ఆ ఒడ్డున నిలబడి తిడితే రెండూళ్లకు వినొచ్చేది సారూ. నా బిడ్డ ఫోన్ల ఏమంటదో నాకే సరిగ వినొస్తలేదు” అంది.

ఆ గిన్నె ఎవరిదో అప్పుడైనా అడగవలసింది. మొన్న ఆ కుర్చీలోంచి లేచి ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ నవ్వింది, లిఫ్టు రిబ్బను సంగతి రాగానే, సంతకెళ్లి కోడిని తెమ్మంటారా అని అడిగింది. తేవచ్చు. దాని వెనక పరుగెత్తడానికి ఒక అవ్వ, పండుగ అయిందని చెప్పడానికి ఒక పెద్దాయన ఈ నాలుగు అంతస్తుల్లో ఎక్కడ దొరుకుతారని ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా అనుకుంటున్నాను.