మల్‌మల్ తెర మీద కాపురం

సినిమా వేసుకోవడానికి తెర బట్ట కావాలంటే పలచని మల్‌మల్ ఇచ్చిన వ్యాపారి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. నాందేడ్‌లో మా నాన్న కాలం నుంచీ మాది బట్టల దుకాణం. ముట్టుకోకుండానే బట్ట రకం చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు ఎక్కువగా నేనే చెప్పుకుంటాను. మా ఆవిడ మాత్రం చీరలు ఎదురు దుకాణంలో కొంటుంది.

బట్ట అడిగింది మా గల్లీ నర్సమ్మ. మిషన్ దవాఖానాలో నర్సుగా పనిచేసి రిటైరైంది. గల్లీలో సగంమందిని ఈ లోకంలోకి మొదట ఎత్తుకున్న చేతులు ఆమెవి. నన్నూ, మా చెల్లెనూ కూడా. అందుకే ఆమె ముందు మేమెవరమూ పెద్దమనుషులం కాలేకపోయాం. రైలు పట్టాల అవతల రేకుల కప్పుతో నర్సమ్మ వాళ్ల క్రైస్తవ ప్రార్థన మందిరం ఉంది. అక్కడ ఆదివారం సాయంత్రం సినిమా అట. ఎప్పుడూ గోడ మీదే వేసేవాళ్లు, కానీ ఈసారి వానలకు గోడ చెమ్మెక్కి సున్నం రాలిపోయింది.

"తెల్లగ, మచ్చ లేకుండ, మంచి బట్ట ఇయ్యి బిడ్డా. దేవుని పని," అంది నర్సమ్మ.

"ఏం సినిమా అమ్మా?"

"మొగుడు పెండ్లాలది. ఇడిపోయెటోళ్లు మల్ల కలుస్తరు."

"అయితే దేవుని పనే. మనుషులతోని అయ్యేది కాదు."

ఆమె నవ్వలేదు. నా మొహంలోకి చూసి, "మీ చెల్లె ఎట్లుంది?" అని అడిగింది.

మా చెల్లెను దెగ్లూర్‌లో ఇచ్చాం. బావది కిరాణా దుకాణం. తాగడు, పేకాడడు, చెయ్యి ఎత్తడు. గొంతు కూడా ఎత్తడు, చిక్కంతా అక్కడే వచ్చింది. దుకాణంలో మరాఠీ వాళ్లతో మరాఠీ, దక్కనీ వాళ్లతో దక్కనీ ఉర్దూ, మనవాళ్లతో తెలుగు గలగలా మాట్లాడేవాడు ఇంటికొస్తే గోడకు వేసిన రంగులా ఉండిపోతాడు. మొన్న వానల్లో చెల్లెకు కడుపు నిలవలేదు. దవాఖానా నుంచి ఆమెను ఇంట్లో దింపి, తెల్లారి లేచి దుకాణం తెరిచాడు. ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఆ మాటే ఎత్తలేదు. చెల్లె రెండు నెలలు చూసి, మూట కట్టుకుని ఎస్టీ సర్కారు బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది.

"కొట్టిండా?" అని అడిగాను అప్పుడు, అన్ననన్న బుద్ధితో.

"కొట్టినా బాగుండు అన్నా. నేనున్నట్టు ఎరుకైతుండె," అంది.

ఇరువైపుల పెద్దమనుషులూ మాట్లాడుకుని సోమవారం ఖాయం చేశారు. మా మేడ గదిలో కూర్చుని ఇద్దర్నీ అడగాలి. వద్దంటే విడుపు కాగితం రాసేయాలి. చెల్లె వద్దనే అంటానంది. బావ సంగతి అడిగేదేముంది, ఆయన ఏమీ అనడు.

ఆ ముందటి రోజు ఆదివారం మధ్యాహ్నం, నేను నర్సమ్మ కోసం బట్ట చింపుతుండగా, బావ దుకాణం మెట్లెక్కి వచ్చాడు. సోమవారం పొద్దున బస్సు ఆలస్యమైతే పెద్దమనుషులు ఎదురుచూడాల్సి వస్తుందని ఒకరోజు ముందే వచ్చాడట. కాపురం విడగొట్టుకోవడానికి కూడా వేళకు రావాలనుకునే మనిషి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అల్లుణ్ణి లాడ్జిలో పెడితే పరువు పోతుంది, ఇంటికి తీసుకుపోతే మా అమ్మ చేతిలో నా ప్రాణం పోతుంది.

"బావా, ఈ బట్ట ఒక దగ్గర ఇచ్చేదుంది. అస్తవా?"

"సరే బావా."

మా ఇద్దరికీ పిలుపు ఒక్కటే, ఒకరికొకరం బావలమే. పిలుచుకోవడానికి అది ఉంది, మాట్లాడుకోవడానికి ఏదీ లేదు. మూట మోస్తూ నడిచాం. దారిలో అక్కడ సినిమా ఉందని చెప్పాను.

"ఏం సినిమా?"

"దేవునిది," అన్నాను. పూర్తి అబద్ధం కాదు.

మందిరం మధ్యలో తాడు కట్టి, దాని మీద బట్ట వేలాడదీశాం. తాడుకు ఇవతల చాపలు, జనం. అవతల పొయ్యి, గిన్నెలు, సినిమా తర్వాత అందరికీ పంచే టీ, ఉప్మా సరంజామా. పాస్టరయ్య బట్టను పట్టి చూసి, "సేఠ్, ఇది మస్తు సన్నగుంది కదా?" అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. వేలి ఉంగరం తీసి, బట్ట కొస అందులో దూర్చి, మూరెడు మూరెడుగా లాగి చూపించాను. ముందు వరసలోని ముసలాయన "వహ్వా" అన్నాడు. మా వృత్తిలో సన్నదనమే గొప్పదనం. తెరకు కావలసింది వెలుగును ఆపే బట్ట అన్న ముక్క ముప్పై ఏళ్లుగా బట్టలమ్ముతున్న నా బుర్రకు తట్టలేదు. బుర్ర కూడా మల్‌మలే, ఏదీ ఆగదు.

నాకు తెలియని సంగతి ఇంకొకటుంది. "ఇంట్ల మూల కూసోని ఏం జేస్తవు, నాకు చాయ్ పెట్టెతందుకు ఆసర ఉందువు రా," అని నర్సమ్మ మా చెల్లెను వెనక తలుపు గుండా అక్కడికి తీసుకొచ్చింది. బావ వస్తాడని నర్సమ్మకు తెలియదు, చెల్లె వచ్చిందని నాకు తెలియదు. తర్వాత ఎన్నిసార్లు తిప్పి తిప్పి అడిగినా ఆమె ఇదే చెప్పింది. ఆమె అబద్ధం ఆడగా నేను వినలేదు.

దీపాలు పెట్టే వేళకు సినిమా మొదలైంది. బొమ్మ సగం బట్టకు అతుక్కుంది, మిగతా సగం దూరి అవతలికి పోయింది.

"ఏంది సేఠ్, బొమ్మ గిట్ల పలచగున్నది? నీళ్లు కలిపినవా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఉండనియ్యుండ్రి, అవుతలున్న ఆడోళ్లకు గుడ కనిపిస్తది," అని పాస్టరయ్య సర్దాడు.

ఎక్కడో మంచు దేశపు కథ, హిందీలోకి మార్చారు. తెల్లవాళ్లు రేడియో వార్తలు చదివినట్టు శుద్ధ హిందీ మాట్లాడుతుంటే మొదట్లో నాకు నవ్వొచ్చింది. కథానాయకుడికి ఇనుప సామాన్ల దుకాణం. కళ్లు మూసుకుని ఏ గిరాకీకి ఏ కొలత మేకు కావాలో తీసిస్తాడు. భార్య తల్లి చనిపోతే పూలు పంపించి, దుకాణం మాత్రం మూయడు. ఆమె ఇల్లు వదిలి వెళ్లడానికి సిద్ధమవుతుంది. అతను చర్చికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంటాడు. నా భార్యను మార్చు దేవా అని మొదలుపెట్టి, మాట మధ్యలో ఆగిపోయి, కాదు, నన్ను మార్చు అంటాడు. పక్కన కొవ్వొత్తులు సర్దుతున్న ముసలావిడ అతనికి ఒకటే చెబుతుంది: ఇంటికి పో, ఆమెను ఒక్క మాట అడుగు, జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకు.

నాకు నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియదు. పక్కకు చూద్దామనుకుని చూడలేకపోయాను. బావ మోకాళ్లు చేతులతో చుట్టుకుని కూర్చున్నట్టు కంటి కొసకు కనిపించింది.

తెర మీద వంటిల్లు వచ్చింది. కిటికీ బయట మంచు పడుతోంది. భార్య గిన్నెలు తుడుస్తోంది. అప్పుడే అవతల చక్కెర డబ్బా దొరకక ఎవరో పొయ్యి పైనున్న బల్బు వేశారు.

ఇవతల చీకటి, అవతల వెలుగు, మధ్యలో నా మల్‌మల్. సినిమా వంటింటి లోపల ఇంకో వంటిల్లు కనిపించింది. అందులో చేతిలో గరిటెతో మా చెల్లె నిలబడి ఉంది. ఆమెకు మేం కనపడం. కుడిఎడమలు ఉల్టాగా పడుతున్న బొమ్మను తలెత్తి చూస్తోంది. తెల్లామె గిన్నె కింద పెట్టి, "మా అమ్మ పోయిన రోజు నుంచి నువ్వు నన్ను ఒక్కసారీ అడగలేదు, ఎలా ఉన్నావని," అంది హిందీలో.

"అడ్గలే," అంది మా చెల్లె. తనలో తాను అనుకున్నట్టే అంది. కానీ ఆ క్షణాన సినిమాలో సంగీతం లేదు. చాపల మీద ఉన్న అందరికీ వినపడింది. "ఒక్కనాడు అడ్గలే."

మా కొట్లో బట్ట చుట్టను తాను అంటాం. తానులో ఎన్ని మడతలున్నాయో విప్పితే గానీ తెలియదు. నా చెల్లె మొహం అలా విప్పినట్టు నేనెప్పుడూ చూడలేదు, చిన్నప్పుడు కూడా.

బావ లేచాడు. పక్క తలుపు వైపు పోతూ ప్రొజెక్టర్ వెలుగుకు అడ్డం పడ్డాడు, ఆయన నీడ తెరంత పెద్దదై ఒక్క లిప్త నిలిచింది. చెల్లె గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది. అటునుంచి ఆ నీడను గుర్తుపట్టిందేమో, నేను ఇప్పటికీ ఆమెను అడగలేదు. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బురదలో మందిరం చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గర తేలాడు.

"లైట్ బంద్ చెయ్యుండ్రమ్మా, బొమ్మ కనిపిస్తలేదు," అన్నాడొకాయన, విషయం తెలియక.

"పొయ్యి మీద పాలున్నయి. ఉండనియ్యుండ్రి," అంది నర్సమ్మ గొంతు అవతలి నుంచి.

తెర మీద కిటికీ పోయి బయటి మంచు వచ్చింది. తెరంతా తెల్లగా రాలుతోంది. నా బట్ట ఆపలేకపోయిన ఆ వెలుగు అవతలికి వెళ్లి వాళ్లిద్దరి మీద పడింది. మా చెల్లె కొంగు మీద, బావ భుజాల మీద, పొయ్యి మీది గిన్నె మీద మంచు కురిసింది. నాందేడ్‌లో, రేకుల కప్పు కింద. నేను చూసిన వింతలు తక్కువే, గోదావరి వరద తప్ప చెప్పుకోదగ్గవి లేవు. కానీ ఆ వరద ముందు నిలబడినప్పుడు కూడా నా ఒళ్లు ఇలా చల్లబడలేదు.

బావ ఏదో అడిగాడు. చిన్న మాటే అయ్యుంటుంది, పెదవులు కొంచెమే కదిలాయి. చెల్లె పొయ్యి వైపు తిరిగి నిలబడింది. ఇంతే, ఇక వచ్చేస్తాడు, అనుకున్నాను. ఆయన రాలేదు. చేతులు వేలాడేసుకుని, బురద కాళ్లతో అక్కడే నిలబడ్డాడు. పాలు పొంగాయి. చుక్క పాలు ఒలికితే గల్లీ అంతా వినేలా తిట్టే నర్సమ్మ, పొయ్యి పక్కనే కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ ఉంది. గిన్నె అంచుల నుంచి పాలు జారి మంట సన్నబడింది. అప్పుడు మా చెల్లె ఆయన వైపు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టింది.

ఏం చెప్పిందో వినపడలేదు. సంగీతం వచ్చేసింది. నా రెండు చేతులూ జోడించి ఉన్నాయని కాసేపయ్యాక గమనించాను. ఏ దేవుడికని ఎవరైనా అడిగితే నాకు తెలియదు. సినిమా ఎలా ముగిసిందో కూడా తెలియదు. ఇనుప సామాన్ల ఆయన కాపురం నిలబడిందట, పాస్టరయ్య చెప్పాడు.

సోమవారం పెద్దమనుషులు మేడ గదిలో కూర్చున్నారు. బావ ఒక మూల, చెల్లె ఒక మూల. పెద్దాయన గొంతు సవరించుకుని, "చెప్పు బిడ్డా, ఉంటవా, ఇడుస్తవా?" అని అడిగాడు.

"ఇయ్యాల చెప్పను పెద్దనాయనా."

"మరి మమ్మల్నెందుకు పిలిచిండ్రు?"

"నిన్న ఆయన ఒక మాట అడిగిండు. దానికి నేను చెప్పుడు ఇంక ఒడవలే. మొత్తం అయిపొయినంక చెప్త."

పెద్దాయన బావ వైపు తిరిగాడు. "నువ్వేమంటవయ్యా?"

"ఆమె చెప్పెదాంక ఉంట," అన్నాడు బావ.

పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వచ్చిన పని కాలేదు గనుక భోజనం మాత్రం గట్టిగా చేసి వెళ్లారు.

చెల్లె ఆ రోజు ఆయనతో వెళ్లలేదు. ఆయనే వచ్చాడు. ఆయన దుకాణం మంగళవారం బంద్ ఉంటుంది. ప్రతి మంగళవారం పొద్దున బస్సుకు దిగి, ముందు గదిలో కుర్చీలో కూర్చునేవాడు. చెల్లె ఎదురుగా కూర్చునేది. మొదట్లో ఆమె ఒక్కతే మాట్లాడేది, ఆయన వినేవాడు. నేనూ మా ఆవిడా ఏదో పని ఉన్నట్టు ఆ గది ముందు నుంచే అటూ ఇటూ తిరిగేవాళ్లం. మా ఇల్లు అంత పెద్దది కాదు, అన్ని పనులూ ఆ గది ముందు ఉండవు కూడా.

ఒక మంగళవారం టీ తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగిపోయాను. లోపల బావ గొంతు. ఆగకుండా వస్తోంది. ఆమెను ఇంట్లో దింపిన సాయంత్రం దుకాణం లోపలికి పోయి షట్టర్ దించుకున్నాడట. జొన్న బస్తాల మధ్య కూర్చున్నాడట. "నీ ముందల ఏడ్వొద్దని... నువ్వు ఇంక బెంగటిల్లుతవని... ఆడపిల్లనో మొగపిల్లగాడో అడుగుదామని డాక్టర్ దగ్గరిదాంక పోయి మల్ల తిరిగొచ్చిన..."

"జర ఆగు," అంది మా చెల్లె. గొంతు తడిగా ఉంది, కానీ గట్టిగానే ఉంది. "ఆ దినం సంగతి ముందుగాల నన్ను చెప్పనియ్యి. నీది తరువాత చెప్పు, వింట."

బావ ఆగాడు. నేను చప్పుడు చేయకుండా వంటింట్లోకి తిరిగొచ్చి, ఈ టీ చల్లారిపోతుంది, ఇంకాసేపయ్యాక మళ్లీ పెట్టమని మా ఆవిడతో చెప్పాను.