కార్డులో తన పేరు తానే రాసుకుంది

మా పాప మూడో తరగతిలో ఉండగా, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒకవైపే నమలడం మొదలుపెట్టింది. నేను గమనించలేదు. గమనించింది మా అత్త.

"దీనికేటో అయిందే. కుడేపు ముద్దెట్టుకోటం నేదు, సూడు" అంది.

నోరు తెరవమంటే పాప తెరవలేదు. బతిమాలి కిటికీ దగ్గర వెలుగులో కూర్చోబెట్టి చూశాను. కింది దవడలో ఒక పన్ను సగానికి సగం నల్లబడి, గుంటపడి ఉంది. అత్త లవంగం నలిపి అందులో పెట్టింది. "పాలపళ్ళే కదేటి, అయ్యే ఊడిపోతాయి. కంగారు పడకు" అంది.

నేనూ ఆ మాటనే పట్టుకుని ఊరుకున్నాను. నాకు తెలిసిన పంటి వైద్యమల్లా మేముండే గోవింద్‌పూర్‌లో మా వీధి మలుపు దగ్గరున్న అద్దాల తలుపు క్లినిక్కే. ఆ తలుపు తోసుకుని వెళ్ళేవాళ్ళు వేరే మనుషులని నా నమ్మకం. మా ఆయనది ట్రక్కుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద రేకులు వంచే పని.

వారం తిరక్కుండా పాప బుగ్గ వాచింది. ఆ రోజు మా ఆయన డ్యూటీ నుంచి వస్తూనే, "మనకి బీమా కార్డుంది కదా, దాంట్లో పళ్ళు కూడా సూత్తారంట. మా మిషను కాడ పన్జేసినాయన కూతురికి ఆ బీమా ఆసుపత్రిలోనే బాగు సేయించాడంట" అన్నాడు. ఆ కార్డు జ్వరాలకీ, ఆపరేషన్లకీ అనుకున్నామే గానీ పళ్ళు కూడా అందులో ఉంటాయని ఇద్దరికీ తట్టలేదు. పెట్టె అడుగు నుంచి తీసి చూస్తే, అది మా పెళ్ళయిన ఏడాది చేయించినది. మా ఇద్దరి పేర్లే ఉన్నాయి.

ఆయనకు సెలవు దొరకలేదు. నేనే వెళ్ళాలి. పలాస వైపు నుంచి ఈ హిందీ ఊరికి కాపురానికి వచ్చి పదేళ్ళయినా, కూరగాయల దగ్గర బేరమాడడం దాటి నేను హిందీ నోట పలికింది లేదు. తప్పు మాట్లాడితే నవ్వుతారని సిగ్గు. పాపకేమో హిందీయే ముందు వస్తుంది. నాయనమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. అందుకని వాచిన బుగ్గ మీద నా పైట కొంగు అదిమిపెట్టుకుని, ఆటోలో నా ఒళ్ళో కూర్చుని వచ్చిన పిల్లే ఆ రోజు నాకు నోరయింది.

ఆసుపత్రి కౌంటరు దగ్గర పెద్దాయన కార్డు చూసి ఏదో గొణిగాడు. పాప నా వైపు తిరిగింది. "అమ్మా, ఇందులో నా పేరు లేదంట. ఫారం నింపాలంట."

ఫారం హిందీలో ఉంది. నేను తెల్లబోయి చూస్తుంటే, పాప నా చేతిలోంచి కలం తీసుకుని బెంచీ మీద కూర్చుంది. ఫారం కింద నా సంచీ పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. తండ్రి పేరు రాసింది. ఒక గడి దగ్గర ఆగి, "రిష్తా అని ఉందమ్మా. ఏం రాయాలి?" అని అడిగింది.

"నువ్వు నాన్నకి ఏటవుతావు?"

"బేటీ."

"అదే రాయి."

రాసింది. పెద్దాయన ఫారం చదివి, ఎవరు రాశారని అడిగి, పాప తల నిమిరాడు. నేను వెంట తెచ్చిన పాప పుట్టిన సర్టిఫికెట్టు తీసుకుని, కొత్త కార్డు వచ్చేదాకా పనికొస్తుందని ఒక చీటీ ఇచ్చి పళ్ళ విభాగానికి పంపాడు.

లోపల డాక్టరమ్మ చిన్న వయసుది. నెప్పి ఎప్పటి నుంచి అని హిందీలో అడిగింది. పాప నా వైపు చూడకుండా, "బారిష్ సే పెహలే" అంది. అంటే, వానలకు ముందు నుంచి. మరి అమ్మకెందుకు చెప్పలేదని డాక్టరమ్మ అడిగింది. పాప గొంతు బాగా తగ్గించింది. చెబితే ఆసుపత్రికి తిప్పడానికి సెలవు పెట్టి పప్పా డ్యూటీ పోగొట్టుకుంటాడని చెప్పలేదంది.

డాక్టరమ్మ నన్ను చూస్తూ, ఇది ఒక్కరోజులో పాడైన పన్ను కాదనీ, పిల్ల ఇన్నాళ్ళు ఓర్చుకుందనీ, ముందే తీసుకురావలసిందనీ అంది. కోపంగా అనలేదు.

"ఏటంతందే?" అని పాపని అడిగాను.

"ఏం లేదమ్మా. నువ్వు నన్ను మంచిగా చూసుకుంటున్నావంట."

నాకు మాట్లాడడం రాదు గానీ, పదేళ్ళు చెవిలో పడిన భాష అర్థం కాకుండా ఎలా ఉంటుంది? కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల తన నెప్పి దాచి నాన్న పనిని కాపాడింది. ఇప్పుడు నన్ను కాపాడుతోంది.

"సమఝ్ గయీ, డాక్టర్‌జీ" అన్నాను. "గల్తీ మేరా హై. ఆప్ ఠీక్ కర్ దో." అర్థమైంది, తప్పు నాదే, మీరు బాగు చేయండి అని.

పాప నోరు దానంతటదే తెరుచుకుంది. "మమ్మీ! తుమ్‌కో ఆతా హై?" అంది, నీకు హిందీ వచ్చా అన్నట్టు. డాక్టరమ్మ నవ్వి, అదే అదనుగా అద్దం లోపలికి పోనిచ్చి పన్ను చూసేసింది.

మొత్తం మూడుసార్లు వెళ్ళాం. వాపు తగ్గాక మత్తిచ్చి పంటి లోపల శుభ్రం చేసింది. సూది గుచ్చినప్పుడు పాప నా బొటనవేలు పట్టుకుంది, అరవలేదు. ఆ పన్ను మరో మూడు నాలుగేళ్ళు ఉండాలనీ, ముందే పోతే కింద నుంచి వచ్చే పన్ను వంకరపోతుందనీ డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. చివరిసారి దానిమీద చిన్న స్టీలు తొడుగు వేసింది.

సాయంత్రం మా ఆయన చేతులు కడుక్కుని వచ్చి, ఫోను లైటు వేసి దాన్ని చాలాసేపు చూశాడు. "వంపు కాడ ఒక్క గీత పడనేదు. ఈ రేకు ఎవులు కొట్టారో గానీ, మంచి పనోడు" అన్నాడు. పాప పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులో రెండు వైపుల పళ్ళూ కనిపించాయి. అత్త ఆ పూట కుడివైపు పెట్టుకోమని తన చేత్తో ముద్దలు కలిపి తినిపించింది.

తర్వాత మా వీధిలో అడిగి చూస్తే, చాలా ఇళ్ళల్లో కార్డుల్లో పిల్లల పేర్లు లేవు. చేయించినప్పుడు పిల్లలు పుట్టలేదు, పుట్టాక ఎవరూ చేర్చలేదు. ఒకరిద్దరిని వెంట తీసుకెళ్ళాను. వాళ్ళు ఇంకొందరిని తెచ్చారు. ఇప్పుడు కౌంటరు దగ్గర మాట్లాడేది నేనే. నా హిందీలో ఇంకా మగ మాట ఆడదవుతుంది, ఆడ మాట మగదవుతుంది. పెద్దాయన తల ఎత్తకుండానే దిద్ది, ఫారం నా చేతికిస్తాడు.