ఆయాసమ్మ కూర్చోని రోజు

ఆఫీసులో ఆమెను అందరూ ఆయాసమ్మ అంటారు. ఆమె ఏమీ అనుకోదు, అదే ఆమె ఉద్యోగం మరి! సముద్రం ఒడ్డు కొండల మీద నడకదారులు వేసే ఆఫీసు అది. కొత్త దారి వెయ్యగానే ఇంజనీరు ముందు ఆయాసమ్మను నడిపిస్తాడు. ఆమె ఎక్కడ రొప్పుతూ కూలబడితే అక్కడ ఒక గుర్తుకర్ర పాతుతాడు, తర్వాత అక్కడ బల్ల వేస్తారు. బల్లలున్న దారికి ఆకుపచ్చ బోర్డు, అంటే ఎవరైనా వెళ్లొచ్చు. లేకపోతే ఎర్ర బోర్డు, కాళ్లలో సత్తువున్నవాళ్లకే.

"కూర్చున్నందుకు జీతమిచ్చే ఆఫీసు ఎక్కడైనా ఉందా తల్లీ," అని అత్తగారు మూతి తిప్పుతుంది. ఆవిడ మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. గుమ్మం నుంచి మందుల షాపు దాకా, అంతే ఆవిడ ప్రపంచం.

కొత్త కొండ కొసన రెండు వైపులా సముద్రమేనని విన్నప్పటి నుంచి ఆయాసమ్మకు కాలు నిలవలేదు. ఆ పొద్దున ఒక మలుపు తిరిగింది, ఇంకోటి తిరిగింది, ఉప్పుగాలి మొహానికి కొడుతుంటే చకచకా పైకొచ్చేసింది. అమ్మ బాబోయ్, ఎన్ని నీళ్లు! గంతులొక్కటే తక్కువ.

వెనకాలే ఇంజనీరు రొప్పుకుంటూ వచ్చాడు. చంకలో కర్రల కట్ట విప్పనేలేదు.

"ఒక్కసారైనా కూర్చోలేదేంటమ్మా?"

అప్పుడు తట్టింది ఆమెకు. కొండలెక్కీ ఎక్కీ ఆయాసం కాస్తా ఎగిరిపోయింది. పీడ వదిలిందని సంతోషించాలా, ఉద్యోగం ఊడిందని ఏడవాలా?

"అయితే బల్లలు అక్కర్లేదు. ఎర్ర బోర్డే," అన్నాడాయన.

ఆయాసమ్మ కొండ కిందికి చూసింది. ఒకప్పుడు తానూ కిందే నిలబడి, పైకి వెళ్లేవాళ్లను చూసి కుళ్లుకుంది. అలాంటివాళ్లకు ఈ సముద్రం లేనట్టేనా?

"రేపటిదాకా ఆగండి సార్. మా ఇంట్లో ఇంకో మనిషి ఉంది."

మర్నాడు అత్తగారిని బయల్దేరదీసేసరికి తలప్రాణం తోకకొచ్చింది. "నడవడానికి కాదత్తయ్యా, కూర్చోవడానికే," అని బతిమాలింది. మొదటి మలుపు రాకముందే ఆవిడ కూలబడి, "నన్ను చంపడానికే తెచ్చావా?" అంది. ఇంజనీరు అక్కడ కర్ర పాతాడు. తన కోసం బల్ల వేస్తున్నారని తెలిశాక అత్తగారికి హుషారొచ్చింది. "ఎండలో ఎవరు కూర్చుంటారయ్యా? ఆ నీడలోకి జరుపు," అని ఆయనకే పురమాయించింది. కర్రల కట్ట తరుగుతున్నకొద్దీ ఆయాసమ్మకు ఒకటే సంబరం, అత్తయ్య కొసదాకా వస్తుందో రాదోనని ఒకటే భయం.

చివరి వాలు దగ్గర అత్తగారు మోకాలు పట్టుకుంది. "ఇక నా వల్ల కాదే."

ఆయాసమ్మ ఉసూరుమంది. "సరే అత్తయ్యా, దిగిపోదాం."

"ఉండు. ఏంటా హోరు?"

"సముద్రం."

ఆవిడ కాసేపు విన్నది. తర్వాత కోడలి భుజం గట్టిగా పట్టుకుని లేచింది.

పైన అత్తగారు ఇటు చూసింది, అటు చూసింది, మళ్లీ ఇటు చూసింది. ఇంజనీరు సంచిలోంచి ఆకుపచ్చ బోర్డు తీశాడు. ఆయాసమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు, ఊడిన ఉద్యోగం గుర్తుకే రాలేదు.

"ఏమే," అంది అత్తగారు, "రేపు ఏ కొండ?"