సాంబయ్య కలిపిన జాడీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు ఆ కథలు ఎవరైనా మొదలుపెడితే పుస్తకం తీసుకుని వేరే గదిలోకి వెళ్లిపోయేదాన్ని. పైగా కెమిస్ట్రీ చదువుకున్నాను. అయినా రెండేళ్ల కిందట నా డైరీలో నేనే రాసుకున్న కొన్ని పేజీలు ఇప్పటికీ నాకు కొరుకుడు పడటం లేదు.

అప్పట్లో నేను తెనాలి నుంచి రోజూ రైల్లో బాపట్ల వెళ్లి, ఒక కాలేజీలో డెమాన్‌స్ట్రేటర్‌గా పనిచేసేదాన్ని. మా సార్ తన డాక్టరేట్ కోసం అయస్కాంతానికి అంటుకునే నల్లటి ఇనుప ఆక్సైడ్ తయారుచేసేవారు. రెండు రకాల ఇనుప లవణాలు కలిపిన నీళ్లలో అమ్మోనియా పోస్తే అది పుడుతుంది. పుట్టించడం తేలికే. రేణువులన్నీ మైక్రోస్కోపుకు కూడా అందనంత సన్నగా, ఒకే సైజులో రావడమే కష్టం. వేడి కాస్త మారినా, కలిపే చెయ్యి ఒక్క క్షణం ఆగినా రేణువులు బలిసి, గంటలో గాజు జాడీ అడుక్కి దిగిపోతాయి.

నేను కలిపినవన్నీ అలా దిగిపోయినవే. ల్యాబ్ అటెండరు సాంబయ్య కలిపితే మాత్రం వారాల తరబడి తేలుతూ ఉండేవి. ఆయనది రేపల్లె దగ్గర పడవల వాళ్ల కుటుంబం. గాజు కడ్డీని తెడ్డు వేసినట్టే తిప్పేవాడు.

“చేప సైజు వల కన్నును బట్టి ఉంటది అమ్మాయిగారూ. ఇక్కడ వల లేదు గదా, మన చెయ్యే వల. మీ చెయ్యేమో మధ్యలో ఆగి పుస్తకం చదువుద్ది!” అని నవ్వేవాడు.

ఆయన చివరిసారి కలిపిన జాడీని కిటికీ పక్కన బల్ల మీద పెట్టాం. పైన నీరు ఎంత తేటబడిందో రోజూ స్కేలుతో కొలిచి రాయడం నా పని. రేణువు ఎంత సన్నమో దాన్ని బట్టే తెలిసేది. నెల రోజులు గడిచినా తేట లేదు.

అంతలో సాంబయ్యకు కామెర్లు ముదిరి తెనాలి ఆసుపత్రిలో చేర్చారు. మా ఇంటికి దగ్గరే. రైలెక్కే ముందు గంజి ఇచ్చి వెళ్లేదాన్ని. ఆయన చేరిన రోజే జాడీలో అర సెంటీమీటరు తేటబడింది. ఆయన లేవలేకపోయిన రోజుకి అది నాలుగు సెంటీమీటర్లయింది.

ఆ సాయంత్రం ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు కడ్డీ పెట్టి జాడీని కలిపేశాను. ఎందుకు కలిపానో తెలియదు.

మర్నాడు పొద్దున ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. “రోజూ గంజేనా అమ్మాయిగారూ? చేపల పులుసు ఎప్పుడండి?” అన్నాడు. వాళ్లావిడ చాలా రోజుల తర్వాత నవ్వింది.

నాలుగు రోజులకు జాడీ మళ్లీ తేటబడింది, ఆయన మళ్లీ పడిపోయాడు. మళ్లీ కలిపాను. మళ్లీ తేరుకున్నాడు. ఈసారి సార్ నా కొలతలు చూశారు. “జాడీ కదిపావా? కదిపాక ఇంక కొలతేంటమ్మా?” అని కోప్పడ్డారు.

తర్వాతి గురువారం మధ్యాహ్నం సార్ ఫిజిక్స్ ల్యాబ్ నుంచి పెద్ద అయస్కాంతం తెచ్చి జాడీ కింద పెట్టారు. పొడినంతా అడుక్కి లాగి, ఆరబెట్టి, పరీక్షకు పంపాలట.

“సార్…” అన్నాను.

“ఏంటి?”

“ఏం లేదండి.”

ఏమని చెప్పను? ఆ నలుపులో ఒక మనిషి ప్రాణం ఉందనా? బల్ల పక్కనే నిలబడి చూశాను. నలుపు పైనుంచి మెల్లగా దిగుతూ పోయింది. మూడుంపావుకి అడుగున ముద్ద, పైన తాగే నీళ్లంత తేట. అలవాటుకొద్దీ టైము రాసుకున్నాను.

సాయంత్రం తెనాలిలో దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాను. మంచం ఖాళీగా ఉంది. రేపల్లె తీసుకెళ్లిపోయారని నర్సు చెప్పింది. “మూడింటిదాకా బాగానే మాట్లాడాడమ్మా, ఉన్నట్టుండి…” అంది. సరిగ్గా ఎన్నింటికి పోయాడో నేను అడగలేదు.

పొడి చాలా సన్నగా, సమానంగా వచ్చిందని పరీక్ష చేసినవాళ్లు రాశారు. ఆ జబ్బులో తేరుకోవడం, పడిపోవడం మామూలేనని డాక్టరు అన్నారు. కావచ్చు. అయస్కాంతం పెడితే జాడీ ఎందుకు తేటబడుతుందో నేనూ చెప్పగలను. రెండూ కలిపి చెప్పమంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

అయస్కాంతం పెట్టిన రోజు నేను “సార్…” అన్నప్పుడు ఆయన విసుక్కోలేదు. చేతిలో పని ఆపి, నా వైపు తిరిగి, “ఏంటి?” అని అడిగారు. అది కూడా డైరీలో ఉంది.