చుట్టంగా ఒక పూట

నా చిన్నప్పుడు మా ఇంటికి చుట్టాలొస్తున్నారంటే నాకు ఒళ్ళుమంట. అందులోనూ గుడివాడ నుంచి మా పెదనాన్నగారమ్మాయి వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు. వెండిగ్లాసు అక్కకి, కిటికీ పక్క పట్టెమంచం అక్కకి, పెరుగు మీద మీగడంతా అక్క కంచంలోకి. బందరులో పుట్టి పెరిగింది నేను, లడ్డూ మాత్రం ముందు ఆవిడకి! ఆ కంచం తీయడం నా వంతు. కళ్ళలో నిప్పులు పోసుకుని చూసేదాన్ని.

ఒక వేసవి సెలవుల్లో మా నాయనమ్మ నా మొహం చూసి సంగతి కనిపెట్టింది. "రేపు నువ్వే చుట్టానివి. అక్క ఈ ఇంటిపిల్ల" అంది. నా ఆనందం చెప్పలేను.

పొద్దున్నే వెండిగ్లాసులో పాలొచ్చాయి, లడ్డూ వచ్చింది. పట్టెమంచం మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి వంటింట్లోంచి నవ్వులు వినిపించాయి. ఆవకాయ కలుపుతున్నారు. లేచి వెళ్ళబోతే నాయనమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"అయ్యో, మీరెందుకు లేచారండీ? కూర్చోండి."

ఆ 'అండీ' వినేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవకాయ జాడీకెత్తాక, అది కలిపిన బేసిన్లోనే వేడన్నం వేసి కలిపి ఇంట్లో పిల్లలకి ముద్దలు పెట్టడం మా ఇంటి అలవాటు. ఆ రోజు నా ముద్ద అక్క నోట్లోకి వెళ్ళింది. పైగా, "నూనంతా ఒలకబోశావేమిటే, కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అని నాయనమ్మ అక్కని కసిరింది. ఆ కసురు నాది! నేను తినాల్సిన తిట్లు కూడా అది తినేస్తోంది. కడుపు మండిపోయి, పరిగెత్తుకెళ్ళి నాయనమ్మ కొంగు పట్టుకుని బావురుమన్నాను.

నాయనమ్మ నా నోట్లో ముద్ద పెట్టింది. "చుట్టాన్ని ఎవరూ కసరరే, పిచ్చిదానా. అక్క సెలవులన్నీ ఆ మంచం మీదే కూర్చుని గడిపింది, చూశావా ఎప్పుడైనా?" అంది.

మొన్న వేసవిలో అక్కా నేనూ ఇంగ్లండు చూడ్డానికి వెళ్ళి, కోటగోడలున్న ఒక పాత ఊళ్ళో చిన్న రాతి ఇల్లు అద్దెకి తీసుకున్నాం. గుమ్మానికి గులాబీ తీగ. బల్ల మీద మాకోసం కేకూ, పూలూ. వెనక వాటాలోనే ఇంటావిడ కాపురం. ఒకరోజు వానలో తిరిగొచ్చి ఆవిడ తివాచీ నిండా బురద చేశాం. ఆవిడ ఫర్వాలేదంటూ నవ్వి తుడిచింది. అంతలో అదే బురదకాళ్ళతో ఆవిడ కూతురు లోపలికొచ్చింది. ఆ పిల్లని దులిపేసింది చూడండీ! చెప్పుకోడానికి సిగ్గే గానీ, ఈ వయసులో ఆ పిల్లని చూసి నాకు కుళ్ళొచ్చింది. అక్క నా మొహంలోకి చూసి కిసుక్కున నవ్వింది.

"వెండిగ్లాసు తెమ్మంటారాండీ?" అంది.

ఇప్పటికీ మా ఇంటికి ఎవరొచ్చినా మొదటిరోజు వెండిగ్లాసే. రెండోరోజు మాత్రం కత్తిపీట ముందు కూర్చోబెట్టి, వంకాయ ముక్కలు అంత లావుగా తరుగుతారా అని కసురుతాను.