నాలుగో గోడ కింద వేలెడు సందు

నా కొడుకు పోయాడు. ఈ మాట నోటితో చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తారు. ఆ తర్వాత నేను చెప్పాలనుకున్నది ఏదీ చెప్పనివ్వరు. అందుకని రాస్తున్నాను. ఐదో తరగతి దాటని చెయ్యి ఇది. తప్పులుంటే మీరే దిద్దుకొని చదవండి.

ఎండలు ముదురుతున్న రోజులవి. ఈ అరబ్బు దేశంలో, ముఐథర్ అనే చోట నేను వంట చేసే ఇంట్లో మధ్యాహ్నం భోజనాలకు బియ్యం నానబెట్టి ఉల్లిగడ్డలు కోస్తున్నాను. గేటు బెల్లు మోగింది. వెళ్లి చూస్తే నా కొడుకు రూమ్ దోస్తు. ఆయనది బోధన్ దగ్గరి ఊరు. మా వాడికన్నా పదిహేనేళ్లు పెద్ద, పనివాళ్లుండే క్యాంపులో వాడికి అన్నలాంటివాడు. సెలవుండే శుక్రవారం కాని రోజున, డ్యూటీ బట్టల మీదే అంత దూరం నుంచి వచ్చాడు.

"అమ్మా, జర లోపటికి పోయి కూసుందం."

"లోపటికి మగోళ్లు రావద్దు. ఈన్నే చెప్పు. వాడేడి?"

ఆయన నెత్తిమీది క్యాప్ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

పొద్దున పనికి పోయే రాస్ లఫాన్ బస్సు కోసం నిలబడ్డ చోటే, ఛాతీలో నొప్పి అని కూర్చున్నాడట. మళ్లీ లేవలేదట. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయిందట. ఎవరి తప్పూ లేదు. అడిగిన వాళ్లందరికీ ఇదే చెప్పాను. వాడికి ఇరవై తొమ్మిదేళ్లు.

ఏడుపు ఎలాగూ ఉంది, దాని గురించి రాయను. వాడు నాకు ఇచ్చిపోయిన శుక్రవారాల గురించి రాస్తాను.

వాడికి ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల నాయన పోయాడు. వాణ్ని మా అమ్మ దగ్గర వదిలి నేను ఈ దేశం వచ్చాను. రెండేళ్లకోసారి పోతే నెల రోజులు ఉండేదాన్ని. మా ఊళ్లో ఏ దేశం పోయినా దుబాయ్ అనే అంటారు కదా, వాడు నన్ను 'దుబాయమ్మ' అనేవాడు. ఉత్త 'అమ్మ' అంటే మా అమ్మే. అందులో వాడి తప్పేమీ లేదు. వాడు పెరుగన్నంలో ఏం నంజుకుంటాడో నాకు తెలియకముందే వాడికి మీసాలు వచ్చాయి.

నాలుగేళ్ల కింద వాడూ ఇక్కడి కంపెనీలో చేరాడు. రాస్ లఫాన్‌లో పెద్ద పెద్ద పైపులకు పైన దూది లాంటిది చుట్టి, దాని మీద రేకు తొడిగే పని. ఈ దేశమే ఎందుకురా అని ఎవరైనా అడిగితే, "మా దుబాయమ్మ వంట ఈడ మంచిగుంటదంట, తిందామని వచ్చిన" అని నవ్వేవాడు.

కానీ తిన్నది గేటు బయటే. నేనుండే ఇంట్లోకి పరాయి మగవాళ్లు రాకూడదు. అది ఆ ఇంటి పద్ధతి, నేను తప్పు పట్టను. శుక్రవారం వాడు రెండు బస్సులు మారి వచ్చేవాడు. గేటు పక్కన ఆగిన కారు నీడలో నిలబడి డబ్బా విప్పుకొని తినేవాడు. నేను పక్కన నిలబడేదాన్ని. అరగంట. లోపలి నుంచి పిలుపు వస్తే అదీ ఉండదు. ఇరవై ఏళ్ల మాటలు అరగంటలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేదాన్ని. "సరిపోయింది" అనేవాడు.

మమ్మల్ని గేటు లోపలికి తెచ్చింది చెమ్మ.

ఇంటి వెనకాల విడిగా ఉన్న చిన్న గది నాది. లోపల పలచటి గోడ, బయటి వైపు నాలుగు పక్కలా చెక్క పలకల తొడుగు. ఇక్కడ ఎండ ఒకటే కాదు, ఎండాకాలం చివర్లో సముద్రం వైపు నుంచి తడిగాలి వస్తుంది. ఇక్కడివాళ్లు రుతూబా అంటారు. తెల్లవారుజామున తలుపు తీస్తే ముఖాన తడిగుడ్డ వేసినట్టు ఉంటుంది. ఆ తడికి పలకలు ఉబ్బి, నల్లబడి, వేలు పెట్టి నొక్కితే తడిసిన రొట్టెలా దిగిపోయేవి. ఇంటి యజమానురాలిని మేం మామా అని పిలుస్తాం. ఇక్కడ పని చేసేవాళ్లు ఇంటావిడను అలాగే పిలుస్తారు. ఆమె మేస్త్రీని పిలుస్తానంది. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు, "మా కొడుకుది ఇదే పని" అన్నాను. ఆమె, శుక్రవారాలు రమ్మను, పని ఉన్నన్ని రోజులు రానియ్ అంది.

అలా నా కొడుకు మొదటిసారి నా గదిలోకి వచ్చాడు. మంచం, పొయ్యి, దేవుడి పటం అన్నీ చూసి, "నువ్వు ఈడ పండుకుంటవా అమ్మా" అన్నాడు. ఆ రోజు 'దుబాయ్' వదిలేసి ఉత్త అమ్మ అన్నాడు. వాడికి తెలియదు, నాకు తెలుసు.

వాడు పని చేస్తుంటే చూడాలి మీరు. ముందు గోడను ముట్టుకునేవాడు. అరచేత్తో కాదు, జ్వరం చూసినట్టు చేతి వెనక వైపుతో. స్క్రూలు పెదాల మధ్య పెట్టుకొని మాట్లాడేవాడు, మింగుతావురా అని నేను తిట్టేదాన్ని. పాత పలకలు ఊడదీసి, గోడకు నిలువుగా సన్నపు పట్టీలు కొట్టి, వాటి మీద కొత్త సిమెంటు బోర్డులు బిగించాడు. బోర్డుకు, గోడకు మధ్య గాలి ఆడాలట. అడుగున కూడా నేలకు ఆనించకుండా వేలెడు సందు వదలాలట. ఆ సందు అంతటా ఒక్క తీరుగా రావడానికి కొలత ముక్క కావాలని వెతికాడు. విరిగిపోయిన నా చపాతి పీట కనబడింది. దాన్ని కోసి వేలెడు మందం ముక్క చేసుకున్నాడు. బోర్డు కింద ఆ ముక్క పెట్టడం, స్క్రూ బిగించడం, ముక్క లాగేయడం.

"నీళ్లు రాకుంట ఎవ్వల్ ఆపలేరే అమ్మా. పోయే తొవ్వ చూపియ్యాలె, గంతే" అనేవాడు. పైపుల మీద రేకు తొడిగినా అడుగున చిన్న రంధ్రం వదులుతారట, లేకపోతే చెమ్మ లోపలే ఉండి ఇనుమును తినేస్తుందట. ఇంకో మాట కూడా అనేవాడు. "గోడకు కాళ్లు తడవద్దు, ముక్కు మూయద్దు."

విన్నాను, తల ఊపాను. వాడు క్యాంపుకు పోయాక ఆ సందు చూస్తే నాకు మనసు ఆగలేదు. మా ఊళ్లో గోడకు సందు కనబడితే ఎవరైనా ఏం చేస్తారు? పాత బట్ట కుక్కి పైన మట్టి మెత్తుతారు. తేలు వస్తుంది, ఎలుక వస్తుంది. వాడు పని నేర్చినవాడే గానీ ఇల్లు కాపాడటం ఏం తెలుసు అనుకున్నాను. నా పాత నూలు చీర చింపి, పేలికలు చేసి, గోడ పొడవునా కుక్కాను. స్నానాల గదికి వాడగా మిగిలిన తెల్ల సిలికాన్ గొట్టం ఉంటే, దాన్ని పిండి వేలితో నున్నగా రాశాను. పేలిక కొస కూడా కనబడలేదు. వాడు చూసినా గుర్తుపట్టడని మురిసిపోయాను.

రుతూబా రోజులు రాగానే గదిలో ముక్కిన వాసన మొదలైంది. వాడు వచ్చి, చేతి వెనక వైపుతో గోడను ముట్టుకొని, కిందికి వంగాడు. గోకితే సిలికాన్ ఊడింది. లోపలి నుంచి నా చీర పేలిక జారింది, నీళ్లు కారుతూ, నల్లగా బూజు పట్టి. పట్టుకొని పైకి లేపాడు.

"అమ్మా, గోడకు చీర కట్టినవా?"

"తేలు వస్తదని."

"ముఐథర్‌ల తేలు యాడిదే? నువ్వు తెచ్చుకున్నవా సూట్‌కేస్‌ల?"

నాకు ఏడుపు వచ్చింది. శుక్రవారమంతా వాడు పడ్డ కష్టం పాడుచేశాను. వాడు మాత్రం ఆ పేలికను పిండి, దండెం మీద ఆరేసి, నేల మీద కూర్చొని కడుపు పట్టుకొని నవ్వాడు. ఆ తర్వాత ఒక్క మాట అన్నాడు. "పర్వలేదు తియ్, పని పెరిగింది." అప్పుడు నాకు అర్థం కాలేదు.

అక్కడి నుంచి వాడి పని నిదానించింది. మొదటి గోడ మళ్లీ వేశాడు. రెండో గోడకు ఆరు శుక్రవారాలు. మూడో గోడకు చలికాలమంతా. వచ్చేవాడు, రెండు బోర్డులు బిగించేవాడు, రసమట్టం పెట్టి చూసి "లెవెల్ తప్పింది" అని ఒకటి విప్పేవాడు. నేను పచ్చిపులుసు, ఆలుగడ్డ వేపుడు చేసేదాన్ని. తిని, గోడ నీడలో చాప మీద ఒరిగి నిద్రపోయేవాడు. వాడు నిద్రపోతే ఎలా ఉంటాడో తీరిగ్గా పక్కన కూర్చొని వాడి ఎనిమిదో ఏట చూసింది, మళ్లీ అప్పుడు చూశాను. చెయ్యి చెంప కింద పెట్టుకొని, అప్పటిలాగే. పెరుగన్నంలో వాడికి మామిడికాయ తొక్కు కాదు, పచ్చి ఉల్లిగడ్డ కావాలని కూడా అప్పుడే తెలిసింది.

"ఏందిరా, రాస్ లఫాన్‌ల గూడ గిట్లనే చేస్తున్నవా? ఇంటికి తోలుతరు నిన్ను" అనేదాన్ని.

"ఆడ తొందర పని అమ్మా. ఈడ పక్కా పని."

నాలుగో గోడ మొదలుపెట్టకుండానే పోయాడు.

వాణ్ని ఇంటికి తీసుకుపోయి, దినాలు చేసి, నేను తిరిగి వచ్చాను. ఊళ్లో వాడు పెరిగిన ఇల్లు ఉంది, కానీ అది మా అమ్మకు తెలిసిన పిల్లవాడి ఇల్లు. నాకు తెలిసిన కొడుకు ఈ మూడు గోడల దగ్గరే ఉన్నాడు. రూమ్ దోస్తు వాడి సంచి తెచ్చి గేటు దగ్గర ఇచ్చాడు. డ్రిల్లు, రసమట్టం, చపాతి పీట ముక్క.

"ఆనికి నాలుగు గోడలు అంటే నాలుగు శుక్రవారాల పని అమ్మా" అన్నాడు ఆయన. "నేనే అడిగిన, ఏంరా ఇంక అయిపోలేదా అని. అయిపోతే మల్ల గేటు బయటనే గద అన్నా, అన్నడు."

ఆ సంగతి మామాకు చెప్పాలనిపించింది. నాకొచ్చిన అరబ్బీ, హిందీ కలిపి చెప్పాను, క్షమించమన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఒక గోడకు చలికాలమంతా పట్టే పనివాణ్ని నేనెక్కడా చూడలేదు, అడిగితే పని అయిపోతుందని అడగలేదు, అంది. అల్లా ఆమెను చల్లగా చూడాలి.

నాలుగో గోడ అలాగే ఉండిపోయింది. మేస్త్రీని పిలవనా అని మామా రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ వద్దన్నాను. పలకలు పుచ్చిపోతున్నా సరే, అది అయ్యేదాకా వాడి పని అయినట్టు కాదు కదా. అది కాకపోతే వచ్చే శుక్రవారం ఇంకా ఉన్నట్టే. ఈసారి రుతూబా మొదలయ్యాక ఆ గోడ లోపలి వైపు కూడా నల్లబడింది, నాకు దగ్గు పట్టుకుంది. మూడోసారి మామా అడగలేదు. దగ్గు విని మేస్త్రీకి ఫోన్ చేసింది.

బంగ్లాదేశ్ నుంచి వచ్చిన మనిషి, గడ్డం నెరిసింది. చెయ్యి చాలా చురుకు. పాతవి ఊడదీశాడు, పట్టీలు కొట్టాడు. మొదటి బోర్డు తెచ్చి నేల మీద ఆనించబోతే నేను అడ్డం పోయాను.

"నీచే ఖాలీ ఛోడో, భయ్యా" అన్నాను, కింద సందు వదలమని.

"కాక్రోచ్ ఆయేగా, అమ్మా. ఫోమ్ మారేగా, ఫుల్ బంద్" అన్నాడు ఆయన, బొద్దింకలు రాకుండా సందంతా నింపే నురగ డబ్బా చూపించి.

నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. తేళ్లు వస్తాయని పేలికలు కుక్కినదాన్ని నేనే. గదిలోకి పోయి చపాతి పీట ముక్క తెచ్చి బోర్డు కింద పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూసి, రొట్టెలు చేస్తావా గోడతో అని హిందీలో వేళాకోళం చేశాడు. మాటలు విని మామా వచ్చింది.

"లేష్?" అంది. ఎందుకు అని.

వాడు చెప్పినదంతా నాకు తెలుగులో వచ్చు. అరబ్బీలో రాదు. మూడో గోడ దగ్గరికి తీసుకుపోయి, కింద సందులోకి వేలు పెట్టి చూపించాను. "హవా" అన్నాను. "హవా లాజిమ్, మామా. మా కొడుకు చెప్పాడు." గాలి ఉండి తీరాలి అని. ఆమె కూడా వంగి అక్కడ వేలు పెట్టింది. లేచి మేస్త్రీతో, ఈమె ఎలా చెబితే అలా చెయ్యి అంది.

ఆయన నురగ డబ్బా సంచిలో పెట్టేశాడు. ముక్క పెట్టడం, బిగించడం, లాగేయడం. సాయంత్రం నమాజు పిలుపుకల్లా దులుపుకొని లేచాడు. ఒక్క రోజు పని. పోతూ ముక్కను నా చేతిలో పెట్టి, ఎవరు కోశారు, అంచు బాగా తీశాడు అన్నాడు.

"మేరా బేటా."

"ఉస్తాద్ హై" అన్నాడు, పనిలో గట్టివాడని.

నేను తల ఊపాను. ముక్కను లోపలికి తీసుకుపోయి పెట్టాను.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే రుతూబా మంచులా దిగి ఉంది. గది చుట్టూ తిరిగి చూశాను. బోర్డుల వెనక నుంచి నీళ్లు దిగి, అడుగు సందులోంచి చుక్క చుక్కగా ఇసుకలో పడుతున్నాయి. మొదటి గోడ కింద, రెండో గోడ కింద, మూడో గోడ కింద ముగ్గు చుక్కలు పెట్టినట్టు తడి వరస. నాలుగో గోడ కింద కూడా.

రోజూ వాకిలి ఊడుస్తాను. ఆ వరస మీదికి మాత్రం చీపురు పోనివ్వను. ఎండెక్కితే అదే ఆరిపోతుంది. తెల్లారేసరికి మళ్లీ ఉంటుంది.