పాడె ముందు నడిచిన బూర

తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది సంవత్సరాల్లో పలాస బస్టాండు దగ్గర రామూర్తి బూర వినకుండా ఎవరూ దాటిపోగలిగేవారు కాదు. క్యాసెట్ల కొట్టు నాగరాజు గుమ్మంలో రెండు స్పీకర్లు పెట్టి పొద్దున్నే రామూర్తి క్యాసెట్ వేసేవాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలకు వెళ్లే ఆడవాళ్లు, జీడి నూనె అంటి నల్లబడిన వేళ్లతో టిఫిను క్యారేజీ పట్టుకుని, కాసేపు నిలబడిపోయేవారు. ముందు ట్రంపెట్ పలికేది. తర్వాత అదే వరస ఒక మనిషి గొంతులో వచ్చేది. గులకరాళ్ల మీద బండి చక్రం నడిచినట్టుండే గొంతు అది. మళ్లీ ట్రంపెట్ అందుకునేది. ఇత్తడి ఎక్కడ ఆగిందో మనిషి ఎక్కడ మొదలయ్యాడో చెప్పడం కష్టం.

రామూర్తిది ఉద్దానం ప్రాంతం. వజ్రపుకొత్తూరు దాటాక, సముద్రం హోరు వినిపించే ఊరు. చుట్టూ కొబ్బరి, జీడిమామిడి, పనస. వాటిలో ఒక్క చెట్టు కూడా రామూర్తి వీధివాళ్లది కాదు. కుర్రతనంలో బరంపురం వెళ్లి ఒక ఒడియా మాస్టారి బ్యాండులో చేరాడు. పెదవి ఎలా బిగించాలో, గాలి పొట్టలోంచి ఎలా తీయాలో అక్కడే నేర్చుకున్నాడు. ఇంటికొచ్చాక మాత్రం ఎవరూ నేర్పనిది ఒకటి కనిపెట్టాడు. పెద్ద కొబ్బరి చిప్పను ఎడమ చేత్తో పట్టుకుని బూర మూతికి అడ్డం పెట్టి, తెరుస్తూ మూస్తూ ఊదేవాడు. అప్పుడా బూర గునిసేది, వెక్కిరించేది, ఎవరో ఏడుపు దిగమింగుకున్నట్టు ఆగి ఆగి పలికేది. సంగీతం గురించి నాకు పెద్దగా తెలియదు. కానీ మొదటిసారి విన్నప్పుడు నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆ క్యాసెట్ బయటికి వచ్చిన మరుసటేడు టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా బ్యాండులో కొత్తగా చేరిన ప్రతి బూరగాడి సంచిలోనూ ఒక కొబ్బరి చిప్ప ఉండేది.

ఆ బూర వెనకాల పెద్ద డ్రమ్ము సింహాచలానిది. రామూర్తి చెల్లెలు రాజులమ్మకి మొగుడు. బావాబావమరుదులిద్దరూ ఒకరినొకరు ఏడిపించుకోకుండా ఒక్క ఊరేగింపూ నడవలేదు.

"నువ్వు పాట అల్లుకుంటా పోతే ఊరు దాటీసి కాలవలో పడతాం బావా," అనేవాడు సింహాచలం.

"పడితే నీ డ్రమ్ము తేలుద్ది కదా, దాన్ని అట్టుకుంటాను," అనేవాడు రామూర్తి.

ఉద్దానంలో అప్పటికే కిడ్నీల జబ్బు ఇల్లిల్లూ తిరుగుతోంది. ఎందుకొస్తోందో చెప్పగలిగినవాళ్లు లేరు. నీళ్లన్నారు, నేలన్నారు. తోటల్లో ఎండకి పనిచేసే మనుషులు ముప్పై, నలభై ఏళ్లకే కాళ్లు వాచి, అన్నం సయించక, మంచాన పడుతున్నారు. రక్తం శుభ్రం చేయించుకోవాలంటే విశాఖపట్నం పోవాలి. బస్సు ఎక్కే ఓపిక ఉన్నంతకాలం పోయేవారు, తర్వాత మానేసేవారు. వీళ్ల కోసం ఒక్క యంత్రం ఇటువైపు తేవాలని అప్పటి ప్రభుత్వాలకు తోచలేదు. ఓట్లకు మాత్రం జీపులు ప్రతి వీధికీ వచ్చేవి.

2002 మాఘమాసంలో, పెళ్లిళ్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, సింహాచలం అదే జబ్బుతో చనిపోయాడు.

ఇక్కడొక కట్టుబాటుంది. పాడె ముందు తప్పెట్లు కొడతారు. బ్యాండు నడవదు. పెళ్లిపందిట్లో ఊదే బూర శవం ముందు ఊదిందంటే ఆ బూరని ఇంకెవరూ శుభానికి పిలవరు. ఎక్కడా రాసి లేదు గానీ చిన్నపిల్లలకి కూడా తెలుసు. పైగా ఆ వారంలోనే నందిగాం కూర్మనాథం గారింట్లో పెళ్లి, దానికి రామూర్తి బయానా కూడా తీసుకున్నాడు. ఆయన భూములున్నవాడు, పంచాయతీలో మాట చెల్లేవాడు. ఆయన పందిట్లో ఊదితే ఆ ఏడాదంతా పిలుపులకు లోటుండదు.

శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. రాజులమ్మ ఏడవడం ఆపి అన్నవైపు చూసింది.

"అన్నా, ఈ సుట్టుపక్కల పెళ్లి పల్లకీలన్నీ మీ బావ డ్రమ్ము ఎనకాలే నడిసినాయి. ఇప్పుడు ఆయన ఎల్తంటే ఆయన మేళం ఇంట్లో కూసుంటాదేటి?"

రామూర్తి దడి పక్కకి వెళ్లి కూర్చున్నాడు. వెనకాలే భార్య నూకమ్మ వచ్చింది. ఫ్యాక్టరీలో జీడిగింజలు కొట్టే మనిషి, మాట కూడా అలాగే ఉంటుంది.

"ఊదితే ఏటవుద్దో తెలుసా?"

"తెలుసు."

"బేండులోవోళ్లు సగంమంది రారు."

"రాకపోతే ఆళ్ల తప్పు కాదే. ఆళ్లకీ పిల్లలున్నారు."

"మరి నీకు పిల్లలు నేరేటి?"

రామూర్తి చేతిలో చుట్ట నలిపి పారేశాడు. "ఆడు కొడితే నాను నడిసినాను నూకీ. ఇన్నాళ్లూ నా పాటకి కాళ్లు ఆడివే."

నూకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే లెగు. ముందు మూతి కడుక్కో. పొద్దున్నుంచి సుట్టలు కాల్సి కంపు కొడతన్నావు. ఆ మూతితో ఊదితే మా అన్నయ్య పాడె మీంచి లేసొచ్చి కొడతాడు."

ఆ రోజు ఊరు చూసింది ఇప్పటికీ చెప్పుకుంటారు. బ్యాండులోంచి క్లారినెట్టు ఒకటి, చిన్న డ్రమ్ము ఒకటి వచ్చాయి. పెద్ద డ్రమ్మును వాయించేవాళ్లు లేక పాడె పక్కనే మోసుకెళ్లారు. రామూర్తి ముందుకి వచ్చి నిలబడి అప్పగింతల పాట ఎత్తుకున్నాడు. పెళ్లికూతుర్ని పంపేటప్పుడు ఊదే పాట. దాన్ని ఎంత నెమ్మదిగా ఊదాడంటే, ఒక్కో స్వరం దగ్గరా మోసేవాళ్ల అడుగు గాల్లో ఆగి, అది ముగిశాకే నేల మీద పడేది. జీడితోటల మధ్య ఇసకదారి అది. పనిచేసుకునేవాళ్లు కత్తులు కింద పెట్టి దారి పక్కన నిలబడ్డారు.

శ్మశానం దగ్గర బూర దించి పాడాడు.

"ఎల్లొత్తానని సెప్పి ఎల్లు బావా, ఎల్తానని అనకు..."

అంతే మాట. అదే మాటని తిప్పి తిప్పి, ఒకసారి బతిమాలినట్టు, ఒకసారి తిట్టినట్టు, ఒకసారి పసిపిల్లని బుజ్జగించినట్టు పాడాడు. చివరికి గొంతు ఆగిన చోటునుంచే బూర అందుకుంది. ఏడవని మగవాళ్లు లేరు. మిత్రుడి చావుకని వచ్చిన క్యాసెట్ల కొట్టు నాగరాజు, ఏం తోచిందో, సంచిలో ఉన్న టేపురికార్డరు మీట నొక్కాడు. గాలి చప్పుడు, ఎవరిదో దగ్గు, ఆ పాట. రామూర్తి రికార్డింగుల్లో అంత గొప్పది ఇంకొకటి లేదు. నాగరాజు దాన్ని అమ్మలేదు. అడిగినవాళ్లకి కాపీ చేసి ఇచ్చాడు.

మర్నాడే కూర్మనాథం గారు స్కూటరు మీద వచ్చారు. దిగలేదు.

"రామూర్తీ, నీ అంతోడు ఈ జిల్లాలో ఎవుడూ నేడు. ఆ మాట ఎక్కడైనా సెప్తాను. గాని పీనుగు ముందర నడిసిన బూరని నా పిల్ల పందిట్లోకి ఎలా తెమ్మంటావు? నువ్వే సెప్పు."

"తేకండి బాబూ," అన్నాడు రామూర్తి. లోపలికి వెళ్లి బయానా తెచ్చి ఇచ్చేశాడు.

ఆ మాఘం పోయింది. ఫాల్గుణం, వైశాఖం కూడా పోయాయి. పెళ్లికి పిలిచినవాళ్లు లేరు. రామూర్తి కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్లాడు, ఇల్లు నూకమ్మ వేళ్ల మీద నడిచింది. చావులకి మాత్రం కబుర్లు వచ్చాయి. కవిటి వైపు నుంచి, సోంపేట వైపు నుంచి. ఆ శ్మశానం పాట క్యాసెట్ విన్న ఇళ్లలో ఎవరు పోయినా రామూర్తి కావాలన్నారు. కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల ఇళ్లలో ఏమీ తీసుకునేవాడు కాదు. ఆ ఊళ్లలో ఇంకో జబ్బుతో పోయేవాళ్లు తక్కువ.

విశాఖలో ఒక మిత్రుడికి నేనా క్యాసెట్ ఇచ్చాను. అతను దాన్ని రెండుసార్లు విన్నాడు. తర్వాత అన్నాడు, అమెరికాలో నల్లవాళ్లు కూడా శవం ముందు ఇలాగే ట్రంపెట్ ఊదుతూ నడుస్తారనీ, వాళ్లలోనూ ఊదుతూ పాడే మహానుభావులు ఉన్నారనీ, ఆ సంగీతాన్ని జాజ్ అంటారనీ. వెళ్లి రామూర్తికి చెప్పాను. ఆయన అడిగింది ఒకటే.

"ఆళ్లని మరి పెళ్లిళ్లకి పిలుత్తారా బాబూ?"

పిలుస్తారన్నాను. ఆయన కొబ్బరిపీచు వైపు తిరిగి పని చూసుకున్నాడు.

2006లో కవిటి వైపు ఒక ఊరినుంచి కాసులమ్మ అనే పెద్దావిడ మనవడిని వెంటబెట్టుకుని వచ్చింది. నూకమ్మ మంచినీళ్లిచ్చి, "ఎవరు పోనారమ్మా?" అంది.

"ఎవులూ పోనేదు. నా మనవరాలి పెళ్లి. మీ ఆయన్ని రమ్మను."

నూకమ్మనీ మిగిలిన బ్యాండునీ వెంటబెట్టుకుని రామూర్తి వెళ్లాడు గానీ పందిరికి దూరంగా, వీధి మొగలో నిలబడ్డాడు. టెక్కలి నుంచి పెళ్లివారు దిగారు. పెళ్లికొడుకు మేనమామ బ్యాండు వైపు చూసి గుర్తుపట్టాడు.

"అత్తా, ఇది సావు బేండు కదేటి?"

కాసులమ్మ అందరికీ వినబడేలాగే చెప్పింది. "అవును బాబూ. నా మొగుడి ముందర ఊదినాడు. నా పెద్దకొడుకు ముందర ఊదినాడు. ఈ ఈదిలో ఈడు ఊదని గుమ్మం ఒకటి సూపించు. ఈడి బూర అరిష్టమైతే మా ఊళ్లో పెళ్లికి పనికొచ్చే ఇల్లే నేదు. మా పిల్లని మరెందుకు సేసుకుంటన్నారు?"

మేనమామ పెళ్లికొడుకు వైపు చూశాడు. పెళ్లికొడుకు తలొంచుకుని, "ఊదమను మావా, పొద్దెక్కిపోతంది," అన్నాడు.

కాసులమ్మ వెళ్లి రామూర్తి మోచెయ్యి పట్టుకుని పందిరి ముందుకి లాక్కొచ్చింది. ఆయన బూర ఎత్తాడు. పెళ్లిపాటే ఎత్తుకున్నాడు. కానీ పాట పాడె నడకలో వచ్చింది. నాలుగేళ్లుగా ఊపిరి దానికే అలవాటుపడింది. పెళ్లివారు ఒక్కో అడుగూ ఆపి ఆపి వేస్తుంటే జనం మొహాలు చూసుకున్నారు.

"ఒరే నాయనా, పెళ్లికొడుకుని ఎటు తీసుకెల్తన్నావు?" అంది కాసులమ్మ. "కాళ్లాడించు."

ఎవరో నవ్వారు. రామూర్తికీ నవ్వొచ్చి బూర తప్పింది. మళ్లీ పెదవి బిగించాడు. ఈసారి వచ్చింది వేరే గాలి. ఎన్నేళ్లు ఎక్కడ దాచాడో, కట్ట తెగినట్టు వచ్చింది. స్వరం మీద స్వరం ఎక్కి, జారి, గెంతి, మధ్యలో గొంతు విప్పి ఒక ముక్క పాడి, అది ముగియకముందే ఇత్తడిలో దూరిపోయి. ముందు పిల్లలు గెంతారు. తర్వాత భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు, పెళ్లి ఊరేగింపులకు ఎదురు రాకూడదని గుమ్మాల వెనక నిలబడేవాళ్లు, ఒక్కొక్కరే వీధిలోకి వచ్చి చూశారు. వాళ్లని లోపలికి పొమ్మన్నవాళ్లు లేరు.

పందిరి చేరేసరికి రామూర్తి పెదవి వాచిపోయింది. అరుగు మీద కూలబడ్డాడు. పక్కింటావిడ దగ్గరికొచ్చి, వైశాఖంలో మా పిల్లకి కూడా ముహూర్తం పెట్టారు, ఆ రోజు ఖాళీయేనా అని అడిగింది. రామూర్తి వాచిన పెదవి తడుముకున్నాడు. నూకమ్మే చెప్పింది.

"నాలుగేళ్లనుంచి ఖాళీయే తల్లీ. ఏ రోజో సెప్పు."